రాతి మీది జింకలు

అరవైల మొదట్లో ఉదయగిరి నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన కృష్ణపట్నం ముసలి సాయిబు ఒకాయన కూర్చున్నాడు. ఆయన చేతుల నిండా ముళ్లు గీరిన గాట్లు చూసి ఏమైందని అడిగాను.

“కొండెక్కినా నాయనా. ఆడ గుహలో పూర్వకాలపోళ్లు రాతి మీద ఎర్రరంగుతో జింకల్ని గీసుండారు. చిన్నప్పుడు మా అబ్బా చూపించినాడు. చూపు పూర్తిగా పోకముందే ఇంకోసారి చూద్దామని పోయినా.”

“కనిపించాయా?”

“దారి మసగ్గా తెలిసింది. గుహలోకి పోయినాక ఏమీ ఆనలా. రాయంతా తడిమినా. రంగు చేతికి తెలీదు గదా! అవింకా ఉంటాయంటావా?”

ఆ గుహ నేనెన్నడూ చూడలేదు. అయినా, “ఉంటాయి తాతా” అన్నాను.

“నువ్వు చూసినావా? ఎట్టుండాయో చెప్పు నాయనా” అంటూ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

నెల్లూరు వచ్చేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.