ఒక్క చేతి బండి

జపాన్‌లోని షిబుకవ ఊళ్లో స్పోర్ట్స్ కారు కొనాలనుకున్న ప్రతివాడూ ముందు క్షవరం చేయించుకునేవాడు. జుట్టు పెరిగిందా లేదా అన్నది వేరే సంగతి. ఏ బండి కొంటే తర్వాత ఎంతకు పోతుందో, ఏది కొంటే ఇంట్లో భార్యకు మొహం చూపించలేడో చెప్పగలిగేది సెలూన్ నడిపే ఒరిహర తెయిజీ ఒక్కడే మరి.

తెయిజీ కత్తెర ఆడిస్తూనే చెప్పేవాడు. "టర్బో ఉన్న పెద్ద కూపేనా? కొను. అమ్మినప్పుడు కొన్నదానికంటే ఎక్కువే వస్తుంది. కాకపోతే దాన్ని నువ్వు నడపవు. గీత పడుతుందేమోనని కాపలా కాస్తూ కూర్చుంటావు. రోటరీ ఇంజనుదా? దాని పాట వింటే ప్రాణం లేచొస్తుంది. పెట్రోలు బంకు వాడి పిల్లల చదువులు మాత్రం నీ చేతిమీదుగానే అయిపోతాయి. ఇంజను నడుమ ఉన్నదా? చిన్న రిపేరొచ్చినా సగం బండి ఊడదీస్తారు. తల కదపకు, చెవి పోతుంది."

"మరి మీ బండి సంగతో?" అని అడిగితే తెయిజీ గొంతు మెత్తబడేది. "నాది చిన్నది. రెండే సీట్లు, కప్పు తెరుచుకుంటుంది. వానొస్తే ఎడమ సీటు మీద కారుతుంది. అయితేనేం, ఒక్క చేతి బండి. కొన్ననాటి నుంచి దాని స్టీరింగు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. రేపు అమ్మినా ఆ మాటకే ధర పలుకుతుంది."

ఎడమ సీట్లో కూర్చునేది ఆయన భార్య కికునో. కారేదంతా ఆమె మోకాళ్ల మీదే. ఆ ముక్క ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కప్పు తెరుచుకునే బండి కొని చూడు అని కూడా అని ఉండాల్సింది. ఆ కప్పు గుడ్డకు అతుకులు వేసీ వేసీ కికునో వేళ్లు కాయలు కాశాయి. చలికాలంలో కొండదారి మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తగిలితే బండి అడుగు తుప్పు పట్టిపోతుంది. అందుకని డిసెంబరులో దాన్ని షెడ్డులో పడుకోబెట్టి, మార్చిలో రెండు మంచి వానలు పడి రోడ్డు కడిగేశాక లేపేవాడు తెయిజీ. అక్కడి నుంచి ప్రతి సోమవారం, సెలూన్‌కు సెలవు కాబట్టి, మొగుడూ పెళ్లాలు హరునా కొండ ఎక్కి సరస్సు చుట్టూ తిరిగేవాళ్లు. దిగేటప్పుడు మిజుసవలో వేడివేడి ఉడాన్ నూడుల్స్ తిని ఇంటికొచ్చేవాళ్లు. పాతికేళ్లు పైబడింది, ఆ సోమవారాలే వాళ్ల పండగలు.

తెయిజీ బండి కొన్న వసంతంలోనే ఇంకో మనిషి కూడా బండి కొన్నాడు. కొన్యాకు దుంపలు పండించే మొగి గొరో. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఆయనది టర్బో పెద్ద కూపే. దాన్ని ధాన్యం కొట్టులో పెట్టి, మీద మూడు దుప్పట్లు కప్పి, ఇప్పటిదాకా ఊరు దాటించలేదు.

"ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే," అనేవాడు గొరో.

"నీ ఏనుగు బతికుందో చచ్చిందో ఒకసారి లేపి చూశావట్రా?" అనేవాడు తెయిజీ.

నవ్వులాటగా సాగిన ఈ పోటీ ఈ ఫిబ్రవరిలో ఆగిపోయింది. కళ్ల డాక్టరు తెయిజీని కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్క చూపే మాసిపోతోంది. చుక్కల మందు వేసుకుంటే ఇక్కడితో ఆగవచ్చు. కత్తెర పట్టుకోవచ్చు, స్టీరింగు మాత్రం వద్దు.

సంగతి తెలిసి గొరో సెలూన్‌కు వచ్చాడు. కుర్చీలో కూర్చుని రెండు చెవులూ రెండు చేతులతో మూసుకున్నాడు. "ఇప్పుడు కత్తిరించు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తెయిజీ గుడ్డ దులిపి గొరో మెడకు చుట్టాడు.

"అమ్మేస్తానురా," అన్నాడు చివరికి తెయిజీ.

"ఉంచుకో. నాలాగే కప్పి పెట్టు."

"పాతికేళ్లుగా నిన్ను వెక్కిరించి, ఇప్పుడు నన్నూ దుప్పటి కప్పమంటావా?"

కికునో నడపవచ్చు కదా అని ఎవరూ అనలేదు. ఆమె లైసెన్సు ఆటోమేటిక్ బండ్లకే. క్లచ్ ఉన్నది ముట్టుకోకూడదు. వయసులో ఉన్నప్పుడు ఆమె డ్రైవింగ్ స్కూల్లో చేరుతుంటే, "క్లచ్ గొడవ నీకెందుకు, సులువైనది తీసుకో" అన్నది తెయిజీనే. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి నోరు చేదయ్యేది. బండి పోతున్నందుకు ఆయనకు బాధ లేదని కాదు. అసలు దిగులు సోమవారాలు పోతున్నందుకు. బస్సు ఉంది, ఎక్కవచ్చు. బస్సుకు కప్పు తెరుచుకోదు.

మార్చి నెలాఖరులో, రెండో వాన పడిన మర్నాడు, సోమవారం పొద్దున ధర కట్టడానికి తకసాకి నుంచి హోషినా అనే అమ్మాయి వచ్చింది. పాత స్పోర్ట్స్ కార్లు కొని అమ్మే కొట్లో పని. గొరో కూడా వచ్చి, చేతులు కట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఆ అమ్మాయి నేల మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంది. లైటు పట్టుకుని బండి అడుగంతా చూసి, లేచి చేతులు దులుపుకుంది.

"ఒరిహర గారూ, దీనికి ఉప్పన్నదే తగల్లేదు. దెబ్బ తిన్న గుర్తు లేదు. పైగా ఒక్క చేతి బండి. మీరు కొత్తది కొన్న ధర కంటే పైనే ఇప్పిస్తాను."

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. తెయిజీకి ఎదురైంది దానికి తిరగబడిన సామెత. సంతోషించాలి కదా, సంతోషం రాలేదు.

"నాదానికి దీనికి మూడింతలు," అన్నాడు గొరో, ఎవరూ అడక్కపోయినా.

"వస్తుందండీ," అంది హోషినా. "నడిపి ఎన్నాళ్లయింది?"

"దాన్ని నడపడమెందుకమ్మా?"

"కొనేవారూ ఆ మాటే అంటారు. ఇంకో రెండు దుప్పట్లు కప్పుతారు."

గొరో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇక గేర్లు ఎలా పడుతున్నాయో వింటే చాలు," అంది హోషినా. "వీధి చివరిదాకా నేను నడపనా?"

తాళంచెవి పట్టుకుని తెయిజీ చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇస్తే ఇంకో చెయ్యి పడినట్టే. ఇవ్వకపోతే అమ్మకం లేదు. అప్పుడు కికునో ఏప్రాన్ విప్పుతూ వంటింట్లోంచి వచ్చింది.

"ఇలా ఇవ్వండి, నేను నడుపుతాను."

"నీకు క్లచ్ బండి కుదరదు కదే. పోలీసులు పట్టుకుంటారు."

"ఎందుకు పట్టుకుంటారు? జనవరిలోనే లైసెన్సులో ఆ అడ్డు తీయించుకున్నాను. నాలుగు పాఠాలు, ఒక పరీక్ష."

తెయిజీ చెయ్యి దించేశాడు. "ఎప్పుడు వెళ్లావు? నాకెలా తెలియలేదు?"

"డ్రైవింగ్ స్కూలు వ్యాను మన సెలూన్ పక్కనే ఆగి ఎక్కించుకునేది. తర్వాత గొరో గారి చిన్న ట్రక్కు మీద చెయ్యి అలవాటు చేసుకున్నాను. మన కిటికీ ముందు నుంచే పోయేదాన్ని. మీరు కిటికీ దగ్గర నిలబడి ఈయనకే క్షవరం చేస్తున్నారు."

"నేను కుర్చీలోనే ఉన్నాను," అన్నాడు గొరో. "నా ట్రక్కు గేరు మూలుగుతుంటే నా ప్రాణం మూలిగింది. ఆవిడ ఒట్టు వేయించుకుంది, నోరు మూసుకున్నాను."

"ఆ రోజు మీకు చెయ్యి ఊపాను," అంది కికునో. ఇప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. "చూస్తే తిడతారు, తిడితే అప్పుడే చెప్పేద్దాం అనుకున్నాను. మీరు చూడలేదు. అప్పటికే తలుపుకు భుజం కొట్టుకోవడం, టీ కప్పు పక్కన పొయ్యడం చూస్తున్నాను. అందుకే స్కూల్లో చేరాను. చెయ్యి ఊపినా చూడకపోయేసరికి ఇక ఉండబట్టలేక డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను."

తెయిజీ ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. పూర్తిగా తిరిగితేనే ఆమె కనబడుతుందిప్పుడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "క్లచ్ మెల్లగా వదులు," అన్నాడు.

రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. గొరో రెండుసార్లూ కళ్లు మూసుకున్నాడు. మూడోసారి బండి కదిలి, హోషినాను ఎడమ సీట్లో కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా పోయి వచ్చింది. ఒకచోట గేరు కీచుమంది. తెయిజీ పళ్లు గిట్టకరుచుకున్నాడు.

హోషినా దిగి లైటు సంచిలో పెట్టేసుకుంది. "గేర్లు బాగున్నాయి. ఇది అమ్మకానికి లేదని నాకు దార్లోనే అర్థమైంది. ఒక్క సలహా ఇస్తాను. పేరు మాత్రం మార్చకండి. ఆవిడ నడుపుకోవచ్చు, బండి మీ పేరు మీదే ఉంటే కాగితాల్లో ఒక్క చేతిదే."

"అదీ మాట," అన్నాడు గొరో. "పేరు మారిందా, ధర దిగిందే."

"పేరు ఎవరిదైతే నాకేంటి," అంది కికునో. "తడిసే సీటు మాత్రం ఇక మీదే."

తెయిజీ ఒకసారి బండిని చూశాడు, ఒకసారి ఆమె కాయలు కాసిన వేళ్లను చూశాడు. "ఈ వారంలో మార్పించేద్దాం," అన్నాడు.

"నీకు మతి పోయిందా?" అన్నాడు గొరో. "పాతికేళ్లు కాపాడుకున్నావు కదరా ఆ ఒక్క చేతిని."

"కప్పు కుట్టింది ఎవరి చెయ్యిరా? నేనే లెక్క తప్పు చెప్పుకుంటూ వచ్చాను."

హోషినా వెళ్లిపోయింది. గొరో మాత్రం వాళ్లు కప్పు తెరిచి కొండకు బయల్దేరేదాకా ఉండి, వెనకాల కేకేశాడు, వచ్చే సోమవారం తన ఏనుగును కూడా లేపుతాడట. నమ్మకం లేదు గానీ, అనడమైతే అన్నాడు.

కొండదారి మలుపుల్లో కికునో రెండో గేరు దాటలేదు. వెనక కూరగాయల వ్యాను ఒకటి ఓపిగ్గా వస్తోంది. తెయిజీ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, అలవాటు కొద్దీ ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. మూడో మలుపు దగ్గర గుర్తొచ్చింది, ఇక రోడ్డు చూడాల్సింది తను కాదని. తల మొత్తం ఎడమకు తిప్పాడు.

కింద మైదానమంతా పరుచుకుని ఉంది. నడుమ తోనె నది వాననీళ్లతో మెరుస్తోంది.

"ఇక్కణ్నుంచి నది కనిపిస్తుందా?"

"ఎప్పుడూ కనిపిస్తుంది. చూడండి అంటే, నడిపేటప్పుడు మాట్లాడకు అని కసురుకునేవారు."

చినుకు మొదలైంది. మొదటి చుక్క తెయిజీ మోకాలి మీద పడింది.

"కప్పు సంగతి తర్వాత చూద్దాం, కొంచెం మెల్లగా పోనియ్," అన్నాడు. "నేనింకా చూడలేదు."