షిఫ్టుకు రాని దగ్గు

నా చిన్నప్పుడు మా అమ్మ రాజపాళయంలో ఒక నూలు మిల్లులో పనిచేసేది. ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చి పీల్చి, మెట్టెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. చివరికి పనికి పోలేక ఇంట్లోనే ఉండిపోయింది. మిల్లులో దుమ్ము లాగే యంత్రం పెడతారని, అప్పుడు మళ్లీ పనికి పోవచ్చని ఆశగా ఎదురుచూసేది.

యంత్రం అవసరమా కాదా అని తేల్చడానికి డాక్టర్లు వచ్చారు. ఆ రోజు షిఫ్టుకు వచ్చినవాళ్లను వరుసగా నిలబెట్టి, మధ్యమధ్య కొందరిని పిలిచి పరీక్ష చేశారు. ఈ మిల్లులో దగ్గు పెద్దగా లేదని చెప్పి వెళ్లిపోయారు. యంత్రం మాట అంతటితో ఆగిపోయింది. కబురు విన్న అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మరి మా అమ్మది దగ్గు కాదా, నాటకమా అని మా తాతయ్య మీద అరిచాను.

తాతయ్య, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీకి పత్తి కొనిపెట్టేవాడు. నన్ను గోడౌనుకు తీసుకుపోయి, సేత్తూరు నుంచి వచ్చిన ఒక సంచిలోంచి పత్తి తీయమన్నాడు. మూతి దగ్గర పిడికెడు తీశాను. తెల్లగా, మెత్తగా ఉంది. తర్వాత ఆయన అడుగున కుట్టు విప్పి, అక్కడ చేయి పెట్టమన్నాడు. తడిసి నల్లబడిన పత్తి, పొట్టు చేతికొచ్చాయి.

“చూసినావా పాపా? మూతి కాడ ఎన్ని పిడికిళ్లు తీసినా తెల్లగానే వస్తాది. దగ్గేవాళ్లు ఇండ్లలో పండుకోనుండారు. వీళ్లు మిల్లులో చూసి పోయినారు.”

మర్నాడు ఆయన ఆ డాక్టర్ల దగ్గరికి వెళ్లి, పని మానేసినవాళ్ల ఇళ్లకు కూడా రమ్మని బతిమాలాడు. మిల్లు లోపల చూడమని మాత్రమే తమకు చెప్పారని వాళ్లు మర్యాదగానే పంపేశారు. యంత్రం రాలేదు. అమ్మ మళ్లీ మిల్లు గడప తొక్కలేదు.

మొన్న మా వీధికి దగ్గు సర్వే అంటూ ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. పట్టపగలు, దుమ్ము పీల్చేవాళ్లంతా మిల్లులో ఉన్న వేళ! ఎదురింట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ మిల్లుకే పోతారు. తాళం చూసి ఆ అమ్మాయి పక్కింటికి నడిచింది. ఇన్నేళ్లకూ అదే తంతు. ఉండబట్టలేక కేకేశాను.

“తాళముంటే వదిలేస్తారామ్మా? షిఫ్టు ముగిసినాక రా.”

“తాళముంటే ఆ ఇంటికి బదులు పక్కిల్లు చూడమన్నారు అవ్వా,” అని నవ్వేసి తలుపు తట్టింది.

ఫలానా జబ్బు మన ఊళ్లో ఇంతమందికే ఉందని ఎవరైనా చెబితే, ఎవరిని అడగకుండా వదిలేశారని నేను ఇప్పటికీ అడుగుతాను. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. మా అమ్మ పోయేదాకా దగ్గింది. ఆ దగ్గును ఎవరూ లెక్కపెట్టలేదు.