నాలుగో పెట్టెలో కుళ్ళని ముక్క

ఆమెను ల్యాబులో అందరూ ఎరువక్క అనేవారు. మా భవనం వెనక రేకుల షెడ్డులో పన్నెండు చెక్కపెట్టెలు ఉండేవి. వాటిలో కుళ్ళిన కూరగాయలు, పేడ, మట్టి కలిపి, మేము తయారుచేసిన పలచటి ప్లాస్టిక్ ఫిల్ము ముక్కలను, మట్టిలో కలిసిపోతాయో లేదో చూడడానికి పాతిపెట్టేది. ప్రతి సోమవారం తవ్వి తీసి, కడిగి, ఆరబెట్టి, ఎంత బరువు తగ్గిందో రిజిస్టరులో రాసేది. పదమూడేళ్ళుగా అదే పని.

ఈపాటికి అలవాటైపోయి ఉంటుందిలే అనుకునేవాళ్ళం. కాలేదు. పెట్టె మూత తీసినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది. తెల్లపురుగులు వేళ్ళ సందుల్లో మెలికలు తిరుగుతుంటే ఒళ్ళు జలదరించేది. చేతి తొడుగులు వేసుకుంటే పలచటి ముక్కలు తెలియకుండా చిరిగిపోతాయని ఒట్టి చేతులతోనే తవ్వేది. దర్జీపని చేసే మొగుడు ఆమె గుమ్మంలోకి రాగానే కుడుతున్న బట్టలు పక్కకు జరిపేవాడు. "ముందు స్నానం చేసి రా తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అని దణ్ణం పెట్టేవాడట. ఆ మాట చెప్పి తనే నవ్వేది.

నేను కొత్తగా చేరిన రోజుల్లో మొక్కజొన్న పిండితో సంచుల ఫిల్ము చేస్తున్నాం. అది మట్టిలో ఇట్టే కలిసిపోయేది. కానీ తడి తగిలితే చేతిలోనే చిరిగేది. అందుకని బంకమట్టిని రసాయనంతో మార్చి, ఉండలు కట్టకుండా పొరలు పొరలుగా విడిపోయేలా చేసి, పిండిలో కలిపాం. ఫిల్ము గట్టిపడింది. బూజు పట్టకుండా కంటికి కనిపించనంత సన్నటి వెండి రేణువులు కూడా వేశాం. ఆ పాళ్ళు నావే. అందులో చుట్టిన రొట్టె పదిరోజులైనా చెడలేదు. ల్యాబును నడిపే పెద్దసారు ఆనందం పట్టలేకపోయాడు.

ఆ ఫిల్మును పాతింది నాలుగో పెట్టెలో. పన్నెండు వారాల తర్వాత ఎరువక్క ఒక ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"చూడు చెల్లీ. నిన్న పాతినట్టు నిగనిగలాడుతోంది. దీని పక్కన పురుగు కూడా లేదు."

వెండి బూజునే కాదు, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులను కూడా చంపేస్తోందని నాకప్పుడు అర్థమైంది. వెళ్ళి పెద్దసారుకు చెప్పాను. ఆ ఫిల్ముతో సంచులు చేసి అమ్మాలనుకుంటున్న ఫ్యాక్టరీవాళ్ళు ఆ గురువారమే చూడడానికి వస్తున్నారు. ఆయన నా మాట సగంలోనే తుంచేసి తిన్నగా షెడ్డుకు నడిచాడు.

"ఏమ్మా, నాలుగో పెట్టెలో వట్టి పిండి ఫిల్ము ముక్కలు పెట్టు. సగం కుళ్ళినవి. ఈ ఒక్కసారికే."

పదమూడేళ్ళలో ఆయన ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదలు. ఆమె నా వైపు చూసింది. నేను నేలచూపులు చూశాను. చేసేదిలేక పెట్టింది.

గురువారం ఫ్యాక్టరీవాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని పెట్టె చుట్టూ నిలబడ్డారు. ఆమె మోచేతుల దాకా మురికి పులుముకుని, జల్లెడలా చిల్లులు పడ్డ ముక్కలను పైకి తీసింది. పెద్దసారు చప్పట్లు కొట్టాడు. వాళ్ళు టీకి లోపలికి వెళ్ళగానే ఆమె కుళాయి దగ్గర చతికిలబడి భళ్ళున వాంతి చేసుకుంది.

"వాసన ఎక్కువైందా అక్కా?"

"వాసనకైతే మొదటిరోజే పారిపోయుండేదాన్ని. థూ! నా చేతుల్తో నేనే అబద్ధాన్ని తవ్వి చూపించాను. నువ్వేమో చదువుకున్నదానివి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు."

నా మీద నాకే రోత పుట్టింది.

మర్నాడు ఫ్యాక్టరీవాళ్ళు ఒప్పందం మీద సంతకాలకు వచ్చి కూర్చున్నారు. ఎరువక్క అసలు ముక్కలను కడక్కుండా పళ్ళెంలో పట్టుకొచ్చి, వాళ్ళ కాగితాల పక్కన పెట్టింది. ఆమె వెనకే నేనూ వెళ్ళాను.

"అయ్యా, నాలుగో పెట్టెలోవి ఇవి. నిన్న చూపించినవి వేరే."

"తియ్యి అవతల! కంపు!" పెద్దసారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"కంపు నా చేతులది సార్. మీ ముక్క చెక్కుచెదరలేదు, కడిగి చూసుకోండి."

"ఈవిడకి మతి సరిగ్గా లేదండీ" అన్నాడు ఆయన వాళ్ళతో. అప్పటికి నాకు నోరు పెగిలింది. "ఆమె చెప్పింది నిజం. వెండి నేనే ఎక్కువ వేశాను" అన్నాను. వాళ్ళు కాగితాలు సర్దుకుని, "కుళ్ళేది చేశాక కబురుపెట్టండి" అని లేచారు.

ఆ వారమే ఆమెను పెద్దసారు గది ఎదురుగా గాజుసామాను కడిగే పనికి మార్చారు. చుట్టూ తెల్లటి పలకలు, సబ్బు వాసన. నెల తిరక్కుండానే తిరిగి షెడ్డుకు పంపమని అడిగి, అక్కడికే వెళ్ళిపోయింది. "పొద్దస్తమానం ఆ మొహం చూస్తుంటే అన్నం సహించట్లేదు చెల్లీ. పురుగులే నయం."

వెండిని పదోవంతుకు తగ్గించి, బంకమట్టి కాస్త పెంచి మళ్ళీ చేశాను. రొట్టె అయిదురోజులే ఆగింది. పెద్దసారు మొహం మాడ్చుకున్నాడు. ఆ కొత్త ముక్కలు పాతిన తొమ్మిదోవారం ఎరువక్క షెడ్డులోంచి కేకేసింది. వెళ్ళేసరికి ముక్కు చిట్లించి, చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళనుంచి గోధుమరంగు జిగురు కారుతోంది.

"ఛీ ఛీ, చీమిడిలా అయిపోయింది. ముట్టుకుంటే డోకొస్తోంది. రాసుకో చెల్లీ, బాగా కుళ్ళింది."