మాస్కు లోపలి నవ్వు

ఆమె కళ్లు తలుచుకుంటే నాకిప్పటికీ అసూయే. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పక్కపక్కనే వడ్డించేవాళ్లం. ఇద్దరికీ మాస్కులు తప్పనిసరి. అయినా లైనంతా ఆమె ముందే ఉండేది.

"జర సాంబార్ ఎక్కువెయ్యనా సార్?" అంటూ కళ్లతో నవ్వేది. సాంబారు ఆవిరికి నా కళ్లద్దాలు మసకబారేవి. నేను మూతి ముడుచుకున్నా మాస్కు చాటున ఎవరికీ కనపడేది కాదు, అదొక్కటే నయం.

ఒకరోజు వడ్డన అయ్యాక ఆమె మాస్కు తీసింది. చెవుల వెనక చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడింది.

"ఇంత మంటలో ఎలా నవ్వుతావు? ఎవరికి కనిపిస్తుందని?" అన్నాను.

"మూతి నవ్వకుంటే కండ్లు నవ్వయక్కా," అంది కొబ్బరినూనె రాసుకుంటూ.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. లైనంతా నా ముందుకే వచ్చింది. మాస్కు లోపల దవడలు నొప్పెట్టేదాకా నవ్వాను. ప్లేటు పట్టుకొచ్చిన ప్రతివాడూ, "ఆ అక్క రాలేదా?" అనే అడిగాడు.