పెళ్ళిళ్ళు తిరిగిన కోటు

ఎనభైల మొదట్లో గాజువాకలో నాకో రెడీమేడ్ బట్టల కొట్టుండేది. నేను గట్టిగా ఊపిరి పీలిస్తే రెండు పక్కల గోడలూ భుజాలకు తగిలేవి. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన నీలం కోటొకటి అందులో అద్దాల బీరువాకెక్కి, కలెక్టరులా అందరినీ చూస్తుండేది. అది అమ్ముడుపోతే గొలుసు తిరిగొస్తుంది. మా కాపురంలో శాంతి దానిమీదే ఆధారపడి ఉంది.

పోర్టులో పనిచేసే ఒకాయన తమ్ముడి పెళ్ళికని కొన్నాడు. మూలలకు పసుపు రాసిన కార్డు చేతిలో పెట్టి, "బావా, నువ్వు రాకపోతే తాళి కట్టనివ్వను" అన్నాడు. వెళ్ళాను. పెళ్ళికొడుకు ఒంటిమీద నా కోటు ఓడలా కదిలింది. అక్షింతలు వేసి, పనసకాయ కూర మారు మారు వేయించుకుని వచ్చాను.

సోమవారం కోటు వాపసొచ్చింది.

"బిగువైపోయింది బావా. అసలు తొడగనేదు. డబ్బులిచ్చీ."

కాలరు నిండా గంధం వాసన. జేబులో అక్షింతలు. బహుశా నేను వేసినవే!

"తొడగలేదా? నేను కళ్ళారా చూశానయ్యా!"

"ఎక్కడ సూసినావు?"

"మీ పెళ్ళిలోనే!"

"అయితే బోయినం సేసినావన్నమాట. కూర బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"మాయమ్మ సేత్తో వడ్డించింది తినీసి, మా మీదే సాచ్చికం సెప్తన్నావేటి బావా?"

కొట్లో ఉన్న బేరాలన్నీ నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశాయి. డబ్బిచ్చేశాను.

ఈ కిటుకు గాజువాకంతా పాకింది. నా కోటుకు జరిగినన్ని పెళ్ళిళ్ళు ఏ మహారాజుకూ జరిగుండవు. ప్రతిసారీ పిలుపు, ప్రతిసారీ విస్తరి, ప్రతి సోమవారం వాపసు! పోనీ వాళ్ళ మెతుకు ముట్టకూడదని ఒక పెళ్ళికి క్యారేజీలో పెరుగన్నం పట్టుకెళ్ళాను. పెళ్ళికూతురి నాయనమ్మ నా దవడలు నొక్కి, నోట్లో బూరె కుక్కింది. అంతే, కేసు కొట్టేశారు.

మా ఆవిడది గోదావరి జిల్లా. కోపమొచ్చినా మర్యాద తప్పదు. "ఊళ్ళో వాళ్ళందరికీ ఉత్తినే తొడుగుతున్నారు కదండీ, అదేదో అద్దెకిచ్చినా ఈపాటికి నా గొలుసు మెడలో ఉండేదండి!"

నిజమే! 'పెళ్ళి కోటు అద్దెకు ఇవ్వబడును' అని తలుపంత బోర్డు రాయించాను. ఒక్క పురుగు రాలేదు. చివరికి ఆటోనగర్లో లారీలు బాగుచేసే కుర్రాడొకడు వచ్చి, బోర్డు చదివి మొహం చిట్లించాడు.

"పెళ్ళికి అద్దె కోటేటి? అత్తోరికి తెలిస్తే పరువేటవుద్ది? నాను కొనీస్తాన్లే బావా."

డబ్బు బల్లమీద పెట్టాడు. కోటు చంకన పెట్టుకుని మెట్టు దిగినవాడు మళ్ళీ వెనక్కి తిరిగాడు. నవ్వుతూ చొక్కా జేబులో చెయ్యి పెట్టి, మూలలకు పసుపు రాసిన కార్డు తీశాడు.

నేను బల్లకింద దూరబోయాను. చోటు చాల్లేదు.