ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు

2022 ఫిబ్రవరి, శనివారం సాయంత్రం. గల్ఫ్‌లో, రువైస్ అనే ఊళ్లో అల్లుడి కంపెనీ క్వార్టర్. హాజరు: నేను, అమ్మాయి, అల్లుడు, నా డైరీ.

డైరీకి హాజరు వేయడానికి కారణముంది. బల్ల మీద మరిచిపోతే అమ్మాయి చదివింది. నెల రోజులుగా అందులో అల్లుడి తప్పులే ఉన్నాయి, తేదీలతో సహా. ఏసీ ఆపకుండా డ్యూటీకి పోవడం, తడి తువ్వాలు సోఫా మీద వేయడం, అబుదాబి దాకా రెండున్నర గంటలు కారులో నాతో మాట్లాడకపోవడం.

"ఇది డైరీ గాదు నాన్నా, ఎఫ్‌ఐఆర్. మీరిద్దరు మాట్లాడుకోకుంటె ఈ ఇంట్ల నేనెట్లుండాలె?" అంది అమ్మాయి.

అల్లుడు నవ్వలేదు. "మీ రూంల ఏసీ గూడ పొద్దంతా నడుస్తది మామా. అది గూడ రాస్కోండి, ఖలాస్," అని అన్నం తినకుండానే లేచి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. జరిగిందే కదా రాశాను. ఆ చిరాకులోనే, నన్ను ఇంతకంటే విసిగించిన మనిషి గుర్తొచ్చాడు, మా తాతయ్య.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయన ఒక చైనా గృహస్థు కథ చెప్పాడు. చక్రవర్తుల కాలం నాటి బౌద్ధుడట. సన్యాసం తీసుకోలేదు. కొలువు చేసుకుంటూ, భార్యాబిడ్డలతో ఉంటూనే, రోజూ దీపం పెట్టాక తాను చేసిన మంచికి ఎర్రచుక్క, చెడుకు నల్లచుక్క పెట్టుకునేవాడట. పెద్దయ్యాక ఆ అనుభవమంతా కొడుకు కోసం రాసిపెట్టాడట.

మర్నాడే నేనూ ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి పేజీల నిండా నల్లచుక్కలే, ఒక్కో చుక్క పక్కన మా చెల్లెలి పేరు, అది చేసిన తప్పు. గర్వంగా చూపించాను. తాతయ్య పెన్సిలు తీసుకుని, ప్రతి చోటా చెల్లెలి పేరు కొట్టేసి నా పేరు రాశాడు.

"అవి నేను చేయలేదు," అని ఏడ్చాను.

"చేయనివి కొట్టెయ్యి. ఆ చైనాయన పక్కోళ్ల మీద ఒక్క చుక్క పెట్టలేదురా."

మీగడ దొంగతనం, అబద్ధం, అలిగి మాట్లాడకపోవడం... గంట కూర్చున్నా రెండే కొట్టేయగలిగాను. అప్పటినుంచి రోజూ రాస్తూనే ఉన్నాను. తాతయ్య పెన్సిలును మాత్రం ఎప్పుడో మరిచిపోయాను.

ఆదివారం పొద్దున డైరీలో ప్రతి చోటా అల్లుడి పేరు కొట్టేసి నా పేరు రాశాను. ఏసీ నాది కూడా. కారులో మాట్లాడనిదీ ఇద్దరమే. తువ్వాలు ఒక్కటే కొట్టేశాను. నా గదిలో ఏసీ ఆపి, బూట్లు తొడుక్కుంటున్న అల్లుడి చేతికి డైరీ ఇచ్చాను.

అతను నిలబడే రెండు పేజీలు చదివాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"తువ్వాల నాదే మామా," అని, కొట్టేసిన చోట తన పేరు రాశాడు.