గటక కుండ పట్టని పొయ్యి

భూమి వేడెక్కుతోందన్న మాట ఇప్పుడిప్పుడే మా భూగోళం క్లాసుల్లోకి వస్తోంది. పొగలేని పొయ్యిలతో దేశం మొత్తం మీద ఎంత కట్టె, ఎంత పొగ ఆదా అవుతుందో ఒకరోజు చదివి వినిపించాను. ఏ రాష్ట్రం వాటిని ఎలా కట్టిస్తోందని ఒక విద్యార్థిని అడిగింది. అది చూద్దామనే సెలవుల్లో సర్కారు పొయ్యిల సర్వేకు పేరిచ్చాను.

సికింద్రాబాద్‌లో ఆరింటి బస్సెక్కితే తొమ్మిదికల్లా సిద్దిపేట. అక్కడ ఇడ్లీ తిని దౌల్తాబాద్ బస్సు పట్టుకున్నాను. టికెట్టు నాలుగు రూపాయలు. "పొయ్యిలు చూడనీకి పట్నంకెల్లి వచ్చిన్రా? మీ ఇంట్ల లేవా మేడం?" అని కండక్టరు నవ్వాడు.

జాబితాలో మొదటి ఇల్లు కనకవ్వది. వంటింట్లో కొత్త పొయ్యికి ఎర్రమట్టి జాజు పూసి ముగ్గు వేసి ఉంది, లోపల చిటికెడు బూడిద లేదు. వంట మాత్రం వాకిట్లో మూడు రాళ్ల మీద. కోడలు రేణుక దగ్గుతూ కుండలో గటక, అంటే మక్కరవ్వ సంకటి, కలుపుతోంది.

"గా పొయ్యి మూతి సన్నది టీచరమ్మా, మా కుండ కూసోదు," అంది రేణుక. "మా తల్లిగారిల్లు సరిహద్దు అవతలి రాష్ట్రం. గాడ ఆడోళ్లకే పని నేర్పిన్రు. ఎవలి కుండకు తగ్గట్టు వాళ్లే మూతి చేసుకున్నరు. గీడ గుత్తేదారు వచ్చిండు, అందరికీ ఒక్క తీరు పెట్టిండు, పోయిండు."

"నీ తల్లిగారి ముచ్చట సాలియ్యి!" అని కసిరి కనకవ్వ నా వైపు తిరిగింది. "మూతి పెద్దగ జేస్తె పొయ్యి పలుగుతది, పలిగితె లిస్టుల పేరు కొట్టేస్తరట. రేపు ఇల్లు మంజూరు కాదు. మంచిగ వాడుతున్నరని రాయి బిడ్డా."

"దగ్గు నాది, పొయ్యి సర్కారుదాయె!" అంది రేణుక.

నా కాగితంలో రెండే గళ్లు: వాడుతున్నారు, వాడటం లేదు. పేరు పోతుందో లేదో నాకూ తెలియదని కనకవ్వతో చెప్పాను. రెండో గడిలో టిక్కు పెట్టి, పక్కన "మూతి కుండకు సరిపోదు" అని రాశాను. కనకవ్వ మొహం తిప్పుకుంది.

రేణుక వంటింట్లోకి వెళ్లి కొడవలి మొనతో పొయ్యి మూతి గీకడం మొదలుపెట్టింది. కనకవ్వ చూసి, "అట్ల గాదే, మొత్తం పలుగుతది! ముందుగాల తడుపు," అంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది. గంట తర్వాత గటక కుండ కుదురుగా కూర్చుంది. పొగ గొట్టంలోంచి ఇంటి పైకి పోయింది.

ఢిల్లీలో కలిపే దేశం మొత్తం లెక్కలో ఏ రాష్ట్రం పొయ్యి అయినా ఒక్కటే. ఎవరు కట్టారో, ఎవరిని అడిగి కట్టారో అందులో కనిపించదు. గుత్తేదారు కట్టింది కట్టినట్టు కుదరలేదని తెలియాలనే నేను టిక్కు మార్చలేదు. ఆ రోజు మా రాష్ట్రం లెక్కలో ఒక పొయ్యి తగ్గింది, ఊళ్లో వాడే పొయ్యి ఒకటి పెరిగింది. కనకవ్వకు ఇల్లు రాకపోతే ఆ టిక్కు సరైనదేనా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మీరు వెళ్లేట్టయితే ముందురోజే సిద్దిపేటలో దిగి, పొద్దున తొలి బస్సుకు బయల్దేరండి. వంటలయ్యాక చేరితే ఏ పొయ్యి అయినా శుభ్రంగానే కనిపిస్తుంది.